గడప బయట దొరికిన బకిల్

అమెరికాలోని మన పిస్కాటవేలో రెండున్నర శతాబ్దాల కిందటే తెలుగువాడు కాపురమున్నట్టు నిర్ధారణ అయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆధారం ఒంటి బూటు బకిల్.

కృష్ణమూర్తిగారు పదిహేడేళ్లుగా మన తెలుగు సంఘం సభల్లో కుర్చీలు వేస్తున్నారు. ఒక్కసారి స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకు తగిన ఘనకార్యం భూమ్మీద దొరక్క, భూమిలో వెతుకుదామని మెటల్ డిటెక్టర్ కొన్నారు. పెరట్లో ఏడు బీరు మూతల తర్వాత, ఏనాటిదో పాత ఇంటి పునాది పక్కన, గడపరాయి అవతల ఇత్తడి బకిల్ బయటపడింది.

కూతురు ఆద్య దాన్ని కడిగి చూసింది.

"డాడీ, ఫ్రేమ్ పెద్దది, కర్వ్ ఉంది. వెనక ఐరన్ ముల్లు రస్ట్ అయిపోయింది. సెవెన్టీన్ సెవెన్టీస్ అనుకుంటా. తర్వాత అందరూ లేసులకి మారిపోయారు. ఎవరో బ్రిటిష్ అతనిది."

పిల్ల మాట ప్రమాణమా! సంఘం అధ్యక్షులు వెంకటస్వామిగారు తొమ్మిదిమందితో కాలనిర్ణయ కమిటీ వేశారు. అందరూ సాఫ్ట్‌వేర్‌వారే కనుక చరిత్ర పట్ల ఎవరికీ ఏ పక్షపాతమూ లేదు.

"తెల్లోడు బూట్లేస్కొని బెడ్రూమ్ దాకా పోతడు," అని అధ్యక్షులు తీర్పిచ్చారు. "ఇది దొరికింది గడప బయట. బూట్లు బయట ఇడిసి లోపలికి పొయ్యేటోడెవడు? మనోడే!"

"మరి రెండో బకిల్ ఏది అంకుల్?" అంది ఆద్య.

"బయట ఇడిసిన జత ఎన్నడన్న జతగ దొరికిందా బిడ్డా?"

ఈ శాస్త్రీయ వాదనకు కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

శనివారం సన్మానం. బకిల్‌ను వెండి పళ్లెంలో పెట్టి కుంకుమ అద్దారు. పట్టుపంచెలో కృష్ణమూర్తిగారు మెరిసిపోతున్నారు. శాలువా మడత విప్పారు కూడా. అలకగానే పండగైపోతుందా? వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

"తెలుగువాడే, కాదన్నదెవరండీ! ఇంతకీ ఏమిట్లు?"

అంతే. బకిల్ వంపు చూస్తే మావాడేనని ఒక వర్గం, ఇత్తడి చూస్తే మావాడేనని ఇంకో వర్గం. నలభై నిమిషాల్లో సంఘం రెండు సంఘాలైంది.

"ముందు కప్పేయండి బాబూ, తర్వాత తేల్చుకుందురు గాని!" అని కృష్ణమూర్తిగారు బతిమాలారు.

రెండు వర్గాలూ ఆయన వైపు తిరిగాయి. "అసలు మీ ఇంటిపేరేమిటి సార్?"

ఆయన చెప్పారు. సగం హాలు ఈలలు వేసింది. సగం హాలు లేచి వెళ్లిపోయింది. శాలువా కొన్నది, ఖర్మ కాకపోతే, లేచి వెళ్లినవారు. పట్టుకుపోయారు.

ఆ ఇంటిపేరు మాత్రం నేనిక్కడ రాయను. మీరు అడగబోతున్నారని నాకు తెలుసు.