బుంగ రద్దు

“యావన్మంది కుటుంబ సభ్యులకు తెలియజేయడమేమనగా, రేపు ఉదయం నుంచి ఈ ఇంట్లో ‘బుంగ’ అనే పేరు రద్దు చేయడమైనది. పాత అలవాటు కొద్దీ ఎవరైనా ఆ పేరుతో పిలిచినట్లయితే తగు చర్య తీసుకోబడును.”

ఈ ప్రకటనను ఇంటి యజమాని భోజనాల బల్ల దగ్గర నిలబడి చదివి వినిపించాడు. యావన్మంది అంటే ఆయన తల్లి, ఆయన భార్య, సాక్షాత్తూ బుంగ. ఆయన నీటి సరఫరా కార్యాలయంలో ప్రకటనలు రాసే ఉద్యోగి. రేపు నీళ్ళు రావన్న సంగతిని, రాకపోవడమే జనానికి మేలనిపించేలా రాయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. అలవాటైన ప్రాణం కనుక ఇంటి విషయాలు కూడా ఆ భాషలోనే చెప్పేవాడు.

కుర్రవాడు పుట్టగానే మూతి బుంగలా పెట్టుకుని లోకాన్ని చూశాడట. “ఏరా బుంగా, నచ్చలేదా?” అంది నాయనమ్మ. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు లేదని కాదు. అర్థమూ అందమూ అంతస్తూ మూడూ ఉండాలని తల్లిదండ్రులు నెలల తరబడి వెతికి, ఇరువైపుల వాళ్ళతోనూ తగాదా పడి మరీ ఒక పేరు ఖాయం చేశారు. అది ఎంత ఘనమైనదంటే ఇంట్లో వాడటానికి ఎవరికీ మనసొప్పలేదు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తీసే గాజు పళ్ళేల్లాగా దాన్ని జనన ధ్రువీకరణ పత్రంలో దాచిపెట్టి, రోజువారీ వాడకానికి బుంగతో సరిపెట్టుకున్నారు.

ఇబ్బంది పిల్లల బడిలో వచ్చింది. ఊళ్ళో అంతకంటే మంచి బడి లేదు. మంచిదనడానికి రుజువు, అందులో ఎవరికీ సీటు దొరక్కపోవడమే. ఎలాగో వీళ్ళకు పిలుపొచ్చింది. ప్రధానోపాధ్యాయురాలు కుర్రవాణ్ణి పేరడిగితే, బుంగ అన్నాడు. అసలు పేరు చెప్పమంటే తండ్రి మొహం చూశాడు. తండ్రి గొంతు సవరించుకుని ఆ పేరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా స్పష్టంగా పలికాడు. కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు.

“ఎవరు నాన్నా ఆ అబ్బాయి?” అన్నాడు.

ప్రధానోపాధ్యాయురాలు నవ్వలేదు. నవ్వితే అంత పేరున్న బడి నడవదు. “చూడండి, మా దగ్గర చేరేది పిల్లలు కాదు, పేర్లు. మొదటి రోజు హాజరు పిలుస్తాం. మూడోసారి పిలిచేలోగా విద్యార్థి ‘ప్రెజెంట్’ అనాలి. అనకపోతే చేరనట్టే లెక్క. పిల్లవాడు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్నా సరే, సీటు తర్వాతివారికి వెళ్ళిపోతుంది. పిలిచినప్పుడు పలకడం కంటే గొప్ప విద్య ఏముందండీ?” అని ముగించింది. ఇంత నిక్కచ్చి నియమం తన కార్యాలయంలో కూడా లేనందుకు ఆయన సిగ్గుపడ్డాడు.

కనుకనే ఆ ప్రకటన. మర్నాటి నుంచి ఇల్లంతా శిక్షణలో మునిగిపోయింది. తండ్రి వరండాలో నిలబడి అసలు పేరు పెట్టి పిలిచేవాడు. కుర్రవాడు వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని చూసేవాడు. నాయనమ్మకు ఆ పేరు ఒక ఊపిరికి అందేది కాదు. మధ్యలో ఆగి, ఆయాసం తీర్చుకుని, మిగతాది అందుకునేసరికి మనవడు వేరే గదిలో ఉండేవాడు. చివరికి ఆవిడ “ఇదిగో, నిన్నే” అనే పిలుపుతో కాలక్షేపం చేసింది. అది నిబంధనలకు లోబడే ఉందని కొడుకు అంగీకరించాడు.

తల్లి తెలివిగలది. బుద్ధిగా పాలు తాగితే అసలు పేరుతో మెచ్చుకునేది. అవే పాలు ఒలకబోస్తే మాత్రం కోపంలో పాత పేరే నోరు జారేది. గోడ మీద గీతలు గీసింది బుంగ, అంకెలు చెప్పింది ఆ అబ్బాయి. చెప్పుల జత కలిపి పెట్టింది ఆ అబ్బాయి, కుళాయి తిప్పి వదిలేసింది బుంగ. ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి కుర్రవాడికి విషయం బోధపడింది. ఇంటికి ఎవరో మంచి పిల్లాడు రాబోతున్నాడు. బడికి వెళ్ళేది వాడే. తను నాయనమ్మ దగ్గర ఉండిపోవచ్చు.

ఈ ఏర్పాటు వాడికి ఎంతో నచ్చింది. బిస్కెట్లో సగం విరిచి ఆ అబ్బాయి కోసం గూట్లో పెట్టేవాడు. కొత్త బడి సంచి మీద, మంచినీళ్ళ సీసా మీద ఆ అబ్బాయి పేరు అంటిస్తుంటే దగ్గరుండి సాయం చేశాడు. చేతిరుమాలు మీద కుట్టించబోతే, పేరు రుమాలు దాటి పోతోందని, కావాలంటే దుప్పటి తెమ్మని దర్జీ అన్నాడు. “వాడు ఎప్పుడొస్తాడు నాన్నా?” అని కుర్రవాడు రోజూ అడిగేవాడు. పిల్లవాడి ఊహాశక్తికి తండ్రి మురిసిపోయి, ఆ మాట కార్యాలయంలో నలుగురికీ చెప్పుకున్నాడు.

మొదటి రోజు రానే వచ్చింది. గేటు దగ్గర పిల్లలు పద్ధతి ప్రకారం ఏడుస్తున్నారు, తల్లులు ఫోటోలు తీస్తున్నారు. మనవాడు మాత్రం ఏడవలేదు. ఆ అబ్బాయిని చూడటానికి వచ్చాడు కాబట్టి ఉత్సాహంగా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కొంచెం చోటు కూడా వదిలాడు. తండ్రి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సీటు కోసం కాచుకున్న తర్వాతివారు కూడా అదే కిటికీ దగ్గర, ఇస్త్రీ బట్టలు వేసిన పిల్లతో సహా, నిలబడి ఉన్నారు.

ప్రధానోపాధ్యాయురాలు పేరు పిలిచింది. కుర్రవాడు లేచి, గదంతా వెతికి చూసి, “వాడింకా రాలేదు టీచర్,” అన్నాడు.

రెండోసారి పిలిచింది. కిటికీ దగ్గరి తల్లి తన కూతురి రిబ్బను సరిచేసింది.

“ఒరేయ్ నాన్నా, ఆ అబ్బాయివి నువ్వేరా,” అన్నాడు తండ్రి కిటికీలోంచి.

“నేనా? మరి బుంగ?”

ఆవిడ మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకుంటోంది. ఆలోచించే వ్యవధి లేదు. ఆయనకు బాగా వచ్చిన భాషే నోటికొచ్చింది.

“బుంగ లేడు. రద్దయ్యాడు.”

కుర్రవాడు తండ్రిని చూశాడు. వాడి మూతి బుంగలా మారబోయి, సగంలో ఆగిపోయింది. తర్వాత ముందుకు తిరిగి, “ప్రెజెంట్ టీచర్,” అన్నాడు. గదిలో చప్పట్లు మోగాయి. ఆయనకు పరుగున లోపలికెళ్ళి వాణ్ణి ఎత్తుకోవాలనిపించింది. కానీ తల్లిదండ్రులు గదిలోకి రాకూడదని తలుపు మీద రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని ఆయన జీవితంలో ఎన్నడూ మీరలేదు. సీటు దక్కిన తండ్రి నవ్వినట్టే నవ్వాడు.

బడి వదిలే వేళకు నాయనమ్మ కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని ఉన్న మనిషి, వరసలో వస్తున్న మనవణ్ణి చూడగానే నిబంధనలన్నీ మరిచిపోయి “బుంగా” అని పిలిచింది. వాడు తల తిప్పలేదు. మళ్ళీ పిలిచి రెండు చేతులూ చాచింది. వాడు ఆవిడ ముందుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బుంగ ఇంక రాడండీ,” అన్నాడు.

“ఒరేయ్ అబ్బాయ్, నా మనవణ్ణి ఏం చేశావురా?” అంది ఆవిడ కొడుకుతో. ఆయనకు మంచినీళ్ళకూ మురుగునీళ్ళకూ సంబంధించిన మాటలే తట్టాయి.

చుట్టూ ఉన్న పెద్దలు మాత్రం ఆ “అండీ” విని ముగ్ధులైపోయారు. ఒక్క రోజులో, సొంత నాయనమ్మతో అంత మర్యాదగా మాట్లాడటం నేర్పారంటే మాటలా అని మెచ్చుకున్నారు. వచ్చే ఏడాదికి దరఖాస్తులు ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి అప్పటికప్పుడే గేటు దగ్గర బారులు తీరారు. ఆ బారులో మీరు కనిపించలేదు. మీ పిల్లలకు ఎప్పుడో సీటు దొరికి ఉంటుంది.