రంగు కారే గీతలు

మా ఇంట్లో యుద్ధం ఒక పేరు దగ్గర మొదలైంది. అది మా ఆవిడ పేరు.

నేను బొమ్మల కథల పుస్తకాలు గీస్తాను. బెల్జియంలో మ్యూజ్ నది మీద సరుకుల పడవ నడిపే కెప్టెన్ బొబోష్, ఆయన ఎర్ర మెడగుడ్డ, ఆయన్ని ఏనాడూ లెక్కచేయని బాతు, అన్నీ నా చేతిలోంచి పుట్టినవే. మా ఊరు నామూర్‌లో రొట్టెల కొట్టుకి వెళ్తే ఇప్పటికీ ఎవరో ఒకరు “మీ బాతు ఎలా ఉందండీ?” అని అడుగుతారు. నేనెలా ఉన్నానో ఎవరికీ అక్కర్లేదు.

రంగులు వేసేది మా ఆవిడ గిస్లేన్. మా వృత్తిలో చాలా ఇళ్ళల్లో అదే ఆనవాయితీ. మగవాడు గీస్తాడు, పెళ్ళాం రంగులు వేస్తుంది, అట్ట మీద మగవాడి పేరు పడుతుంది. ప్రచురణ సంస్థవాళ్ళు నా గీతల్ని దళసరి కాగితం మీద లేత నీలంలో అచ్చువేసి పంపేవారు. గిస్లేన్ వాటిని వంటింటి బల్ల మీద పరిచి, చిన్న గిన్నెల్లో రంగులు కలుపుకునేది. పొయ్యి మీద సూప్ ఉడుకుతుండేది, రేడియోలో సైకిల్ పందెం నడుస్తుండేది. కాఫీ అనుకుని బ్రష్షులు కడిగిన నీళ్ళు తాగిన రోజులు కూడా ఉన్నాయి. రుచిలో పెద్ద తేడా తెలియలేదు గానీ, ఆ మాట ఆవిడతో అనే ధైర్యం నాకు లేదు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఈ వసంతంలో కొత్త పుస్తకం గీయడం అయిపోగానే గిస్లేన్ అంది:

“ఈసారి అట్ట మీద నా పేరు కూడా ఉండాలి ఫిర్మాన్.”

“లోపల వేస్తున్నారుగా, చివరి పేజీలో!”

“అది కనబడాలంటే భూతద్దం కావాలి.”

“కెప్టెన్‌ని పుట్టించింది నేను. రంగులదేముందే? ఈ రోజుల్లో యంత్రమే పోసేస్తుంది.”

ఆవిడ అరవలేదు. బ్రష్షులు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించింది. “అయితే యంత్రంతోనే కాపురం చెయ్యి,” అని బంగాళాదుంపల తొక్క తీయడానికి వెళ్ళిపోయింది.

అన్న మాట వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. మర్నాడే ఎవరికీ చెప్పకుండా ఒక గ్రాఫిక్ టాబ్లెట్ కొనుక్కొచ్చాను. అదొక నల్లటి పలక. దాని మీద ప్లాస్టిక్ కలంతో గీస్తే కంప్యూటర్ తెర మీద బొమ్మ పడుతుంది. దాన్ని కోటులో దాచుకుని వస్తుంటే గుమ్మంలోనే దొరికిపోయాను.

“ఏమిటది?”

“చీజ్ కోసుకునే పలక.”

“వైరెందుకు?”

“కొత్త రకం.”

ఆ రాత్రి భోజనానికి గిస్లేన్ ఆ పలకని బల్ల మధ్యలో పెట్టి, నా కళ్ళలోకి చూస్తూ, దాని మీద చీజ్ ముక్కలు ముక్కలుగా కోసింది. “మంచి పలకే,” అంది. నేను ఇంకో ముక్క అందుకున్నాను.

శనివారం ఆవిడ సంతకి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. చెయ్యేమో బల్ల మీద, గీతేమో తెర మీద. పక్కింటివాళ్ళ కిటికీలోంచి చెయ్యి పెట్టి మన ఇంట్లో మీసం గీసుకుంటున్నట్టు ఉంది. తప్పు గీస్తే వెనక్కి తీసుకునే మీట ఒకటుంది. దాన్ని ఎన్నిసార్లు నొక్కానంటే, కాసేపటికి పేజీకి పేజీ మాయమైంది.

చివరికి రంగు బకెట్ బొమ్మ దొరికింది. దాన్ని ఎక్కడ నొక్కితే అక్కడ గీతల మధ్య రంగు నిండుతుందట. నవ్వొచ్చింది. దీనికా ఆవిడ పేరు అట్ట మీద వెయ్యాలి? కంప్యూటర్‌లోకి ఎక్కించిన నా పేజీ తెరిచి, కెప్టెన్ మెడగుడ్డ మీద ఎరుపు ఒంపాను.

మెడగుడ్డ ఎర్రబడింది. మెడ ఎర్రబడింది. కెప్టెన్, పడవ, నది, చర్చి, ఆకాశం, అన్నీ ఎర్రబడ్డాయి. బాతు కూడా మిగల్లేదు. దానిలో పసుపు పోస్తే అది ముక్కులోంచి కారి నదిలో కలిసింది.

పరీక్షగా చూస్తే తెలిసింది. నా గీతలన్నీ కంతలే! ఏ గీతా ఇంకో గీతని ముట్టుకోదు. నా గీతలో గాలి ఆడుతుందని పత్రికలవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ గాలి ఆడే సందుల్లోంచే ఇప్పుడు రంగు కారిపోతోంది.

సరేనని కంతలన్నీ పూడ్చాను. మెడగుడ్డకి కంచె కట్టాను, బాతుకి గోడ కట్టాను. ఈసారి రంగు బుద్ధిగా లోపలే ఉంది. గర్వంగా ఆ పేజీలు మా సంపాదకురాలు కొరాలీకి పంపాను.

మంగళవారం ఆవిడ ఫోన్ చేసింది. నా చెవి సరిగ్గా పనిచేయదు కాబట్టి మా ఫోన్ మాటలు వంటింటి దాకా వినబడతాయి.

“ఫిర్మాన్ గారూ, ఈ పేజీలు ఎవరు గీశారండీ?”

“నేనేనమ్మా!”

“మీ ఒంట్లో బాగానే ఉందా? బాతు బాతులా లేదు, సబ్బు డబ్బా మీద బొమ్మలా ఉంది. పాత గీతలతో, సరైన రంగులతో శుక్రవారానికి ఇవ్వండి. లేకపోతే ఈ శరత్తుకి పుస్తకం రాదు. తర్వాత వస్తుందని కూడా నేను మాట ఇవ్వలేను.”

ఫోన్ పెట్టేసరికి వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. గిస్లేన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “లే,” అంది. లేచాను.

కూర్చుని, కలం అందుకుని, నా పాత పేజీ తెరిచింది. గీతల కింద ఇంకో పొర పరిచి, దాని మీద నేరుగా రంగు వేయడం మొదలుపెట్టింది. బకెట్ జోలికే పోలేదు.

“నీకిదెలా వచ్చు?”

“చలికాలమంతా సాయంత్రాలు లైబ్రరీలో నేర్చుకున్నాను. కొరాలీయే క్లాసు సంగతి చెప్పింది.”

“పాటల బృందం సాధనకి వెళ్తున్నానన్నావు కదే!”

“నాకు పాట వచ్చా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విన్నావా?”

“వెనక్కి తీసుకునే మీట కూడా నేర్పారా?”

“అలాంటి మీట ముందే ఉండుంటే మన పెళ్ళినాడే నొక్కేదాన్ని.”

తెర మీద మెడగుడ్డ ఎర్రబడింది. గీత లేనిచోట కూడా రంగు దానంతట అదే ఆగింది. ఆ ఎరుపు నాకు తెలుసు. మా వంటింటి బల్ల మీది ఎరుపు.

“అయితే ఇన్నేళ్ళూ నా కంతలన్నీ నువ్వే పూడుస్తున్నావన్నమాట,” అన్నాను.

“పూడిస్తే బాతు చచ్చిపోదూ? ఎక్కడ ఆగాలో నాకు తెలుసు, అంతే.”

ఇంతకాలం నా గీతని ఇంత దగ్గరగా చూసిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు. ఆవిడ పేరేమో భూతద్దానికి కూడా అందని చోట ఉంది. “అట్ట మీద వేయిస్తాను గిస్లేన్. కింద, చిన్న అక్షరాల్లో...”

కలం ఆగింది.

“పక్కన,” అన్నాను. “నా అంత అక్షరాల్లో.”

“కొరాలీకి ఎప్పుడో చెప్పేశాను. అక్షరాలు మాత్రం నీ చేత్తోనే రాయాలి. రంగు కూడా నువ్వే వెయ్యి. యంత్రమే పోసేస్తుంది కదా!”

గురువారం కూర్చుని ఆవిడ పేరు గీశాను. మొదటి అక్షరంలో ఎరుపు ఒంపాను. అట్టంతా ఎర్రబడింది. గిస్లేన్ కుర్చీ లాక్కుని, కాఫీ పట్టుకుని నా పక్కన చేరింది.

“ఇక్కడ కారుతోంది,” అంది. అక్కడ కలిపాను.

“ఇక్కడ కూడా.”

సూప్ మాడిపోయిందని ఇద్దరికీ చాలాసేపటికి గాని తెలియలేదు.