పదకొండు ఇళ్లకు ఒకే బాపు

హుస్నాబాద్‌లో పలుకుబడి గల పదకొండు కుటుంబాలకు, కులభేదం లేకుండా, చనిపోయిన తండ్రి ముఖం ఒక్కటే. సమైక్యతకు ఇంతకంటే నిదర్శనం జిల్లాలో మరొకటి లేదు. ఈ శుభపరిణామం ఎలా సంభవించిందో తెలియనివారికి మనవి చేస్తున్నాను.

బోర్డులు రాసే లింగమూర్తికి నూనె రంగులతో మనుషుల ముఖాలు వేయాలని బుద్ధి పుట్టింది. ‘గొప్ప చిత్రకారుడు తన ముఖం తానే వేసుకున్న బొమ్మను చూసి వేయండి, విద్య పట్టుబడుతుంది’ అని ఒక పాత పుస్తకంలో ఉంది. పక్క పేజీలో అలాంటి బొమ్మా ఉంది. ఎవరో తెల్లదొర, మూడు వందల ఏళ్ల కిందటివాడు. ఆలుగడ్డంత ముక్కు, అలసిన కళ్లు, నెత్తిన మెత్తటి టోపీ. లింగమూర్తి రెండేళ్లలో ఆ ముఖాన్ని నలభైసార్లు వేశాడు. విద్య పట్టుబడింది. కాకపోతే ఆ ఒక్క ముఖమే పట్టుబడింది.

“గా రంగులల్ల కలిపే అవిసె నూనె నాకిస్తే కూరల పోస్తుంటి గదరా! వేస్తే మీ బాపును వెయ్యి. గా టోపాయన మనకేమైతడు?” అనేది తల్లి బాలవ్వ.

లింగమూర్తికి బడిలో డ్రాయింగు మాస్టరు కొలువు కావాలి. దానికి సమితి ప్రెసిడెంటు కైలాసం దయ కావాలి. కైలాసానికి తండ్రి బొమ్మ కావాలి. ఎందుకంటే పెత్తరమాస దగ్గరపడింది. ఆనాడు ఇంటింటా పోయిన పెద్దలకు బువ్వ పెడతారు. ఆయన మూడో ఏటనే తండ్రి పోయాడు, ఫోటో అంటూ లేదు.

“ఎట్లుండె బాపు?” అని అడిగాడు లింగమూర్తి.

“పెద్దమనిషి లెక్క ఉండె. నౌకరి సంగతి నేను జూసుకుంట, నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాడు కైలాసం.

లింగమూర్తి తనకు వచ్చిన ముఖమే వేశాడు. టోపీ తీసి రుమాలు చుట్టాడు, నుదుట విభూతి పెట్టాడు. సమితి హాలులో బొమ్మ మీది బట్ట తీయగానే కైలాసం బోరున ఏడ్చాడు. “ఈ కళ్లలో తాలూకా భవిష్యత్తు కనిపిస్తున్నది! ఈ ముక్కు మా వంశపు ముక్కు!” అని ఉపన్యసించాడు. ఆయన ముక్కు సన్నగా కత్తిలా ఉంటుంది. సభ చప్పట్లు కొట్టింది.

ప్రత్యర్థి సాంబయ్య ఊరుకుంటాడా? మీసాలు పెట్టించి, ఇంకో మూరెడు పెద్ద తండ్రిని వేయించుకున్నాడు. వాళ్లను చూసి మరో తొమ్మిది ఇళ్లవాళ్లూ వేయించుకున్నారు. ఆ ఏడు పెత్తరమాసకు తెల్లదొరగారికి పదకొండు విస్తళ్లు వేశారు.

ఇంతలో లింగమూర్తి పనితనం చూడడానికి హైదరాబాదు నుంచి దశరథం అనే అధికారి వచ్చాడు. సమితి హాలులో బొమ్మను చూసి పకపకా నవ్వి, సంచిలోంచి పుస్తకం తీసి అసలు దొరను అందరికీ చూపించాడు. లింగమూర్తికి రావలసిన కొలువు పోయినట్టే.

కానీ సమితి అత్యవసరంగా సమావేశమైంది. కైలాసం, సాంబయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే పక్క చెయ్యెత్తారు. “సదరు విదేశీయుడు మా పెద్దల పోలికలను అనుమతి లేకుండా వాడుకోవడాన్ని ఈ సమితి తీవ్రంగా ఖండిస్తున్నది,” అని తీర్మానించారు. దశరథం ఆదిలాబాద్ అడవుల్లోని ఇచ్చోడకు బదిలీ అయ్యాడు, లింగమూర్తి మాస్టరయ్యాడు.

కొలువు దొరికాక భయమేముంది? తన బాపును వేయడానికి కూర్చున్నాడు.

“నీ లెక్కనే ఉండెరా. జర దవుడలు గుంజుకపోయి ఉండె. మగ్గం మీద వంగి వంగి ఎడమ భుజం దిగింది,” అని చెప్పింది బాలవ్వ.

లింగమూర్తి అద్దం ముందు పెట్టుకుని, తన ముఖం చూసుకుంటూ వేశాడు. దొర విద్య ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. బాలవ్వ చూసి, “వచ్చిండు,” అని బొమ్మ చెంప నిమిరింది. పచ్చిరంగు వేళ్లకు అంటుకుంటే చాలాసేపు కడుక్కోలేదు.

ఊరంతా వచ్చి చూసి, బాగాలేదని తేల్చింది. “గిదేం బొమ్మ? ఉత్త మనిషి లెక్కనే ఉన్నడు!” అన్నాడు సాంబయ్య. అలాంటిది తనకూ ఒకటి కావాలని ఎవరూ అడగలేదు.

మరునాడే నేను లింగమూర్తి దగ్గరికి వెళ్లాను. మా బాపు ముఖం నాకు బాగా గుర్తుంది. చప్పిడి ముక్కు, నవ్వితే చిగుళ్లు కనిపించేవి. ఆ సంగతులేవీ చెప్పకుండా ఆ దొర ముఖంతోనే పన్నెండో బొమ్మ వేయించుకుని వచ్చాను. ఆ తర్వాతి పెత్తరమాసనాడు దాని ముందు విస్తరి పెట్టి దండం పెడుతుంటే, “అచ్చం మామనే!” అని కళ్లు తుడుచుకుంది నా భార్య నర్మద.

ఆమె మా బాపుకు పదేళ్లు వండి పెట్టింది.