జ్యోతిరాణి మిషన్‌కు డైరెక్ట్ కనెక్షన్

నిజామాబాద్ పట్టణ ప్రజలకు సంతోషకరమైన కబురు. ఎక్కడ ఆగాలో తెలిసిన ఒక యంత్రం మన ఊళ్ళో తయారైంది. మూడు వారాల్లో దానికి ఆ అలవాటు మాన్పించాం.

యంత్రం జ్యోతిరాణిది. బోధన్‌లో చెరకు ట్రాలీలకు వెల్డింగ్ చేసే ఇంట్లో పుట్టిన పిల్ల. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను తలుపు మీద చెక్కే సీఎన్‌సీ మిషన్‌ను రెండేళ్ళు కష్టపడి సొంతంగా తయారుచేసింది. పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. మా చిన్న పరిశ్రమల సంఘానికి ఒక షెడ్డు ఖాళీగా ఉంది. ప్రారంభోత్సవం నాడు అందరి ముందూ ఒక తలుపు చెక్కి చూపిస్తే షెడ్డు ఆమెది. లేకపోతే అధ్యక్షులు నర్సన్న గారి అల్లుడు బంటి కూల్‌డ్రింకుల గోదాముకు.

మిషన్ రెండు చివర్లా ప్రాక్సిమిటీ సెన్సర్లు కావాలి. బొటనవేలంత ఉంటాయి. చెక్కే తల చివరికి వస్తుంటే, ఇనుమును తాకకుండానే కనిపెట్టి మోటరును ఆపుతాయి. ఇంత చిన్న వస్తువును ఒక ఆడపిల్ల ఒంటరిగా ఎంచుకోవడం భావ్యం కాదని ఐదుగురితో ఉపసంఘం వేశారు. అందులో నేనొకణ్ణి. మాలో ఎవరూ అంతకుముందు సెన్సర్‌ను చూడలేదు కనుక నిష్పక్షపాతంగా వ్యవహరించాం.

తీగ తెగినా మిషన్ ఆగిపోయే రకం కావాలంది జ్యోతిరాణి.

"తెగితే ఆగుడేందమ్మా? తెగినా నడవాలె. గది మాల్ అంటే," అన్నారు నర్సన్న.

"ఆగకుంటే తెగినట్టు మనకెట్ల తెలుస్తదన్నా?"

ఈ ప్రశ్నను మినిట్స్‌లో రాయలేదు. సెన్సర్‌కున్న మూడు తీగల్లో ఒకటి నలుపు. శుభకార్యానికి నలుపు పనికిరాదని, మన జిల్లా పంట గౌరవార్థం మూడింటికీ పసుపు టేపు చుట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏ తీగ ఏదో తెలిసేలా ఆమె టేపు లోపల అంకెల చీటీలు అంటించుకుని బతికిపోయింది.

ప్రారంభోత్సవం నాడు నర్సన్న మైకు పట్టుకున్నారు. "ఆగుడు మన రక్తంల లేదు! మన జిల్లా ముందుకే పోతది!" అని స్విచ్ వేశారు. తలుపు మీద చెరకు గడ ఒకటి అందంగా లేవసాగింది. అంతలో సెన్సర్‌కు బొట్టు లేదని ఆయన కంటపడింది. కుంకుమ అద్దుకుని వేలు దగ్గరకు పెట్టారు. ఆ వేలికి శని పోవడానికి తొడుక్కున్న గుర్రపు నాడా ఉంగరం ఉంది.

మిషన్ టక్కున ఆగింది.

"నన్ను సూసి ఆగిందా?"

"మీ ఇనుప ఉంగరాన్ని గుర్తుపట్టిందన్నా. సెన్సర్ మంచిగ పనిచేస్తుంది," అంది జ్యోతిరాణి. మురిసిపోతూ అంది, అదీ మైకులో. జనం గొల్లున నవ్వారు. ఆయన శని సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది.

"ఆ సెన్సర్ పీకి తీగలు డైరెక్ట్ చెయ్యిర్రి!"

"వద్దన్నా! నడుమల ఆగినంక మిషన్‌కు తన జాగ యాదికుండదు. చివర ఏడుందో చెప్పేది సెన్సరే. పోయి గుద్దుకుంటది, నా కష్టమంత పోతది."

"నేనున్న కదా," అన్నారు నర్సన్న. బంటి స్వహస్తాలతో తీగలు కలిపాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

మిషన్ పెద్దల మాట విన్నది. తలుపు దాటి, పట్టాల చివరి దాకా పోయి, ఇనుప చట్రానికి గుద్దుకుంది. తలను నడిపే పొడవాటి మరకడ్డీ వంగింది, చెక్కే తల ఊడి కింద పడింది. ఉపసంఘం ఆ సాయంత్రమే నివేదిక ఇచ్చింది: 'సెన్సర్లు లేకుండా యంత్రం నడపడం తీవ్రమైన నిర్లక్ష్యం.' షెడ్డు బంటికి ఇచ్చారు. నేనూ సంతకం పెట్టాను.

ఇప్పుడు జ్యోతిరాణి మాక్లూర్‌లో కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగ్ చేస్తోంది. నిన్న నా మోటరూ తీసుకుపోయాను. విప్పి చూసి, నా మొహం చూసింది.

"మోటర్ కాలకుండ ఆపే స్టార్టర్‌ను డైరెక్ట్ ఎవరు చేసిండ్రన్నా?"

నిజంగా సిగ్గేసింది. అయినా నారు ఎండిపోతోంది కదా.

"ఎవరో చేసిండ్రు తియ్యి బిడ్డా. జెల్ది కట్టియ్యి, పోయి మల్ల డైరెక్ట్ ఇచ్చుకోవాలె."