రోబోకి ఏడుపు రాదు

"మార్కెట్టుకు మానవుడు పనికిరాడు!"

భోజన విరామంలో, రికార్డు గదిలో హెడ్ క్లర్కు ఈ మాట ప్రకటించేసరికి టైపిస్టు చేతిలో చెంచా ఆగిపోయింది. మిగతావాళ్లు నోళ్లు తెరిచారు. అలా తెరిచిన నోళ్లంటే హెడ్ క్లర్కుకు మహా ఇష్టం. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన మాట శ్రద్ధగా విన్నవి ఆ గదిలో బీరువాలు మాత్రమే.

"మనిషికి ఆశ, భయం. రోబోకి, అంటే కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముకి, రెండూ లేవు! షేర్లు కొని అమ్మే ట్రేడింగ్ ప్లాట్‌ఫారం తెరుస్తాం. చార్టు మీదికి రోబోని లాగి వదుల్తాం. పైన బటన్ పచ్చగా వెలిగిందా, ఇక అదే కొంటుంది, అదే అమ్ముతుంది!"

"అంటే అది ఆలోచిస్తుందా సార్?" అంది టైపిస్టు.

"ఆలోచన దేనికమ్మా? ఈ ధర దాటితే కొను, ఇంత నష్టం వస్తే అమ్మేసి బయటపడు అని మనం ముందే పెడతాం. పెట్టింది పెట్టినట్టు చేస్తుంది. మన సర్క్యులర్లలా కాదు."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. సిబ్బంది ట్రేడింగ్ చేయరాదని సర్క్యులర్ ఇచ్చింది ఆయనే. "తనిఖీకి వచ్చాను" అని, తనిఖీ నిమిత్తం ముందు వరుసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ సర్క్యులర్‌ని హెడ్ క్లర్కు తు.చ. తప్పకుండా పాటించాడు. అకౌంటు భార్య పేరున తెరిచాడు! అందులో వేసిన డబ్బూ ఆవిడదే. వీధి చివర కుట్టు షాపు పెట్టుకోవాలని, ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి కూడబెట్టుకున్నది. రెట్టింపు చేసి ఇస్తానని నమ్మబలికి తీసుకున్నాడు.

ఇంట్లో రోబోకి జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. కంప్యూటర్ నిద్రపోతే రోబో కూడా నిద్రపోతుందట! అందుకని దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఆ ప్లగ్గులో ఇంకోటి పెట్టకూడదు. ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు రోబో ఏకాగ్రతకు భంగమని దాన్ని వరండాలోకి నెట్టేశాడు. రోజూ తెర మీద లాభం పెరుగుతుంటే ఆయన ఛాతీ కూడా పెరిగింది.

మేనేజరు కోరిక మీద, అదీ తనిఖీలో భాగంగానే, ఒకరోజు లాప్‌టాప్ ఆఫీసుకు వచ్చింది. గోడ మీద పెద్ద తెర. అందరూ చూస్తుండగా గీత కిందికి జారింది. రోబో కొంది. ఇంకా జారింది. రోబో ఇంకా కొంది.

"నష్టం వస్తే బయటపడుతుందన్నారు కదా సార్?" అంది టైపిస్టు.

హెడ్ క్లర్కు లాప్‌టాప్ మీదికి వంగి రోబో సెట్టింగులు తెరిచాడు. ఎంత నష్టానికి ఆగాలో రాసే గడిలో సున్నా ఉంది. సున్నా అంటే నష్టమే రాదనుకున్నాడు పాపం! సున్నా అంటే హద్దే లేదని ఇప్పుడు తెలిసింది. టీ చల్లారేలోగా తెర మీది డబ్బంతా ఊడ్చుకుపోయింది.

"నీ షాపు పోయిందే!" అంటూ ఇంటి గుమ్మంలోనే కూలబడ్డాడు. నిజంగానే ఏడ్చాడు.

ఆవిడ గుండెలు చిక్కబట్టుకుని తన ఫోన్‌లో అకౌంటు తెరిచింది. "ఏం పోలేదండీ. వేసింది వేసినట్టే ఉంది." లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి చూసింది. పైన మూలన చిన్న అక్షరాల్లో డెమో అని ఉంది. "ఇది నేర్చుకునేవాళ్లకిచ్చే ఉత్తుత్తి డబ్బు కదూ? రోబోని ఇందులో వదిలారా!"

ఆవిడ ఆనందం పట్టలేక నవ్వింది. ఆయన ముఖం మాత్రం మాడిపోయింది.

"ఎవరితోనూ అనకు! ఇన్నాళ్లూ ఉత్తుత్తి డబ్బుతో ఆడానని తెలిస్తే తలెత్తుకోగలనా? పోయిందనే చెప్పు."

"పోని డబ్బుకి ఏడవాలా?"

"కాస్త. వీధిలోకి వినబడేట్టు."

ఆఫీసులో లాభానికి దక్కని గౌరవం నష్టానికి దక్కింది. టైపిస్టు టీ తెచ్చి పెట్టింది. మేనేజరు స్వయంగా భుజం తట్టి, ఇంత దెబ్బ తిని ఇంత నిబ్బరమా అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలకెక్కాక హెడ్ క్లర్కుకు కొత్త బెంగ పట్టుకుంది. నష్టం అబద్ధమని బయటపడితే? దాన్ని నిజం చేసేస్తే పోలా!

ఆ సాయంత్రమే రోబోని అసలు అకౌంటులోకి లాగి వదిలాడు. నష్టం గడిలో సున్నా అలాగే ఉంచాడు. బటన్ పచ్చగా వెలిగింది. అకౌంటులో డబ్బు లేదంది తెర.

"నిన్ననే తీసేశాను" అంది ఆవిడ వెనకనుంచి. "అకౌంటు నా పేరునే కదండీ. షాపుకి అడ్వాన్సు ఇచ్చేశాను."

షాపు తెరిచిన రోజు ఆఫీసంతా తరలివచ్చింది. కొత్త బోర్డు, అద్దాల బీరువా చూసి మేనేజరు కనుబొమలు ముడిచాడు.

"సర్వం పోయిందన్నారే! మరి ఇదంతా?"

నిజం హెడ్ క్లర్కు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అన్ని తెరిచిన నోళ్లు చూసి వెనక్కి వెళ్లిపోయింది.

"మనం ఏడుస్తూ కూర్చున్నాం సార్. రోబో కూర్చోలేదు. దానికి ఏడుపు రాదు! పోయిందంతా తిరిగి సంపాదించింది!"

చప్పట్లే చప్పట్లు! ఆ సందట్లో మేనేజరు మెల్లగా ఆవిడ దగ్గరికి చేరి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ రోబోని ఒక్కసారి చూపిస్తారా? తనిఖీకే."

ఆవిడ భర్త వంక చూసింది. తర్వాత మూలనున్న పాత కుట్టుమిషన్ మీద కప్పిన గుడ్డ తీసింది.

"ఇదేనండీ. దీనికి బటన్ ఉండదు. తొక్కాలి."