శ్రీరస్తు చోట చేపల గీత

ఆ ఉదయం దుకాణం తలుపులు తీస్తూ గణపతిరావు తన చేతిలో ఉన్నవేమిటో ఓసారి మనసులో లెక్క వేసుకున్నాడు. ఆమదాలవలసలో రైల్వే స్టేషనుకి ఎదురుగా ఒక గది, అందులో రెండు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటరు, ఇంజనీరింగు చదివి ఇంకా ఎక్కడా కుదురుకోని బావమరిది ఈశ్వర్. రైలు దిగినవాడల్లా కస్టమరే. గది మాత్రం ధాన్యం వ్యాపారి నరసింగరావుగారిది. కూతురి పెళ్లి కాగానే గది అద్దె కాయితాలు మళ్లీ రాస్తానని ఆయన మాటిచ్చారు. ఆ పెళ్లికి శుభలేఖలు అచ్చు వేసే పని గణపతిరావుకే ఇచ్చారు. శుభలేఖ ఆయనకి నచ్చితే గది ఉంటుంది, నచ్చకపోతే ఊడుతుంది. అందులో తికమక ఏమీ లేదు.

తికమకల్లా బావమరిదితోనే. అతన్ని లాభం వైపు రాయాలో, నష్టం వైపు రాయాలో గణపతిరావుకి ఇంకా తేలలేదు.

"బావా, అయిపోనాది," అన్నాడు ఈశ్వర్ కంప్యూటరు ముందునుంచి.

"ఏటయిపోనాది?"

"నా ప్రోగ్రాం. ఇన్నాళ్లూ ఏటి సేస్తన్నాం? గ్రాఫు వేరే దగ్గిర గీసి, కాపీ కొట్టి, రిపోర్టులో అతికిస్తన్నాం. ఒక్క అంకె మారితే మళ్లా మొదటికి. ఇప్పుడు రిపోర్టులోనే, బొమ్మ ఉండాల్సిన సోట ఇటు రెండు నిలువు గీతలు, అటు రెండు నిలువు గీతలు కొట్టి, మధ్యన కోడు రాసేస్తే సాలు. ప్రింటుకి ఎల్లేటప్పుడు అదే బొమ్మ గీసి అక్కడ కూకోబెడతాది."

"దానికి అర్థం కాకపోతే?" అనుభవం ఉన్న వ్యాపారి అడగవలసిన ప్రశ్నే అడిగాడు గణపతిరావు.

"అంతకుముందు గీసిన బొమ్మే మళ్లా పెట్టేస్తాది. నువ్వే కదా సెప్తావు, కస్టమరు అడిగింది లేకపోతే ఉన్నదేదో ఇయ్యాలి గాని ఉత్త సేతుల్తో పంపకూడదని."

తన వ్యాపార సూత్రం కంప్యూటరులోకి కూడా ఎక్కిందని విని గణపతిరావు పొంగిపోయాడు. బావమరిదిని లాభం వైపు రాసేశాడు. ఇకమీదట దుకాణంలో ఏ కాయితమైనా ఆ ప్రోగ్రాం మీదుగానే పోవాలని అక్కడికక్కడే నిర్ణయించాడు.

మొదట పోయింది కళింగపట్నం అవతల పాతరేవుపేట మత్స్యకారుల సంఘం రిపోర్టు. ఐసు గది మంజూరు చేసే ఆఫీసర్లకి చూపించడానికి సంఘం పెద్ద ఎర్రన్న రాయించుకున్నది. చేపలు ఏ ఊళ్లో ఎంత అమ్ముడుపోయాయో చూపే గ్రాఫు అందులో ఉంది. ఆమదాలవలస, శ్రీకాకుళం, గార, కళింగపట్నం, పాతరేవుపేట అని ఐదు చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత. ముత్యంలా వచ్చింది. రిపోర్టు పట్టుకుని ఈశ్వర్ బస్సెక్కాడు.

ఆ తరవాత శుభలేఖలు. నమూనా వారం కిందటే నరసింగరావుగారు చూసి సరేనన్నారు కాబట్టి గణపతిరావు దాన్నే ప్రోగ్రాంలోకి వదిలి, కౌంటరు దగ్గర ఆధార్ కాపీల జనంలో పడిపోయాడు. ఏ శుభలేఖకైనా నెత్తిమీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని ఉంటుంది. దానికి ఇటు రెండు నిలువు గీతలు, అటు రెండు నిలువు గీతలు కూడా ఉంటాయి. ప్రోగ్రాం ఆ గీతల మధ్యకి తొంగి చూసింది. శ్రీరస్తు దానికి అర్థం కాలేదు. ఉత్త చేతులతో పంపకూడదు కనుక, ఆ చోట చేపల గ్రాఫు కూర్చోబెట్టింది.

వచ్చిన కట్టలు చూసి గణపతిరావు ఒక్క క్షణం ఆగాడు. చీమ తలకాయలంత అక్షరాలు, చుక్కలు, గీత. దారి చూపే బొమ్మలా ఉంది. తను లేనప్పుడు నరసింగరావుగారు ఈశ్వర్‌తో చెప్పి వేయించుకున్నారు కాబోలు అనుకున్నాడు.

సాయంత్రం నరసింగరావుగారు కళ్లజోడు లేకుండా వచ్చి కార్డుని దూరంగా పెట్టి చూశారు. "ఒరే గణపతీ, రూటు మ్యాపు కూడా ఎట్టించినావేటి? నాను అడగనేదే."

అడగలేదా? మరి ఎవరు పెట్టినట్టు? అది తరవాత చూసుకోవచ్చు. ఎదుటివాడు మెచ్చుకుంటున్నప్పుడు కాదనడం గణపతిరావు దుకాణంలో ఎన్నడూ లేదు. "మీకోసమే ప్రత్యేకంగా చేయించానండి," అన్నాడు.

"పైన శ్రీరస్తు ఏదిరా?" అని అడిగింది వెంట వచ్చిన ఆయన భార్య సుభద్రమ్మ.

"లోపల వినాయకుడున్నాడు కదండీ."

నరసింగరావుగారు అక్కడినుంచే గజపతినగరంలో భోజన హోటలు నడిపే వియ్యంకుడు ధనరాజ్‌కి ఫోను చేశారు. "విడిదికి దారి ఎవుల్నీ అడగక్కర్లేదు బావగారూ. అంతా కార్డులో ఏయించాను."

పెళ్లి నాడు సాయంత్రం ఏడింటికి ముహూర్తం. మధ్యాహ్నం దాటినా మగపెళ్లివారి బస్సు జాడ లేదు. ఫోనులో ఒక్కసారి దొరికిన ధనరాజ్, "మీ ఏర్పాట్లకి మాటల్లేవు బావగారూ, సముద్రం గాలి..." అన్నంతలో లైను తెగిపోయింది. స్టేషను పక్కనున్న విడిదిలోకి సముద్రం ఎలా వచ్చిందో నరసింగరావుగారికి అర్థం కాలేదు. కళ్లజోడు పెట్టుకుని శుభలేఖ చదివారు. గణపతిరావుకి కబురు వెళ్లింది.

"కింద 'టన్నులలో' అనున్నాది. ఏటిరా ఇది?"

గణపతిరావు కార్డు చూశాడు. ఈశ్వర్ కూడా చూశాడు. "బావా, ఇది ఎర్రన్న గ్రాఫు," అన్నాడు మెల్లగా.

"ముహూర్తానికి పెళ్లికొడుకు పీటల మీదుండాల," అన్నారు నరసింగరావుగారు. "నేకపోతే రేపు పొద్దున గదిలో నీ సామాను ఉండదు."

పాతరేవుపేట దారంతా ఈశ్వర్ నిలువు గీతల సంగతి వివరిస్తూనే ఉన్నాడు. బైకు నడుపుతూ గణపతిరావు మనసులో బావమరిదిని తిరిగి నష్టం వైపు రాస్తున్నాడు.

పాతరేవుపేటలో బస్సు కొబ్బరిచెట్ల నీడన ఉంది. పందిరి కింద మగపెళ్లివారంతా వరసగా కూర్చుని వంజరం చేపల పులుసు లాగిస్తున్నారు. ఎర్రన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వడ్డిస్తున్నాడు. గణపతిరావుని చూడగానే పక్కకి లాగాడు.

"ఆఫీసర్లు బస్సేసుకుని వస్తారని ఒక్క ముక్క సెప్పొచ్చు కదేటి? మన గ్రాఫు సేత్తో అట్టుకుని మరీ దిగినారు. ఆడాఫీసర్లు పట్టుసీరలు కట్టుకొచ్చినారు. ఆ కుర్రాఫీసరే ఏటోగున్నాడు. బుగ్గన సుక్కెట్టుకున్నాడు, సేప ముట్టడు."

బుగ్గన చుక్కతో పెళ్లికొడుకు ఒక మూల అరటిపండు తింటున్నాడు.

ధనరాజ్ చేయి కడుక్కుంటూ వచ్చాడు. "మా బావగారు పెట్టిన మనిషి మంచోడండి. ఐసు గది ఎప్పుడిస్తారని అడుగుతన్నాడు. అదొక్కటే తెలీలేదు."

గణపతిరావు నిలబడ్డచోటే లెక్క వేశాడు. నిజం అందరికీ చెబితే పెళ్లివారు అలుగుతారు, తన గది పోతుంది, ఎర్రన్న వంట దండగ. ఒక్కరికి చెబితే చాలు. ఎర్రన్న చెవిలో చెప్పాడు.

ఎర్రన్న గరిటె దించాడు. "అయితే ఈల్లు ఆఫీసర్లు కారేటి? మరి నా ఐసు గది?"

"ఆఫీసర్లు ఎప్పుడొస్తారో ఎవుడికి తెలుసు. ఈయనకి గజపతినగరంలో హోటలున్నాది. పులుసు ఎలాగున్నాదో అడుగు."

ఎర్రన్న అడిగాడు. ధనరాజ్ పులుసు గురించి మొదలుపెట్టి, వారానికి ఎన్నిసార్లు చేప పంపగలవనే దాకా వచ్చాడు. బేరం ఇంకా సాగేదే. గణపతిరావు బస్సు డ్రైవరు చేత హారను కొట్టించాడు.

ముహూర్తానికి పెళ్లికొడుకు పీటల మీదున్నాడు. అక్షింతలు పడ్డాక ధనరాజ్ పదిమందిలో లేచి, "నాను శానా పెళ్లిళ్లు సూసినాను. సముద్రం ఒడ్డున విడిదిచ్చి, సేపల పులుసు పెట్టినోడు మా బావగారొక్కడే," అన్నాడు.

నరసింగరావుగారు గణపతిరావు వైపు చూశారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "మీకోసమే ప్రత్యేకంగా సేయించానండి," అన్నారు.

ఆ పెళ్లిళ్ల సీజను ముగిసేసరికి గణపతిరావు మళ్లీ లెక్క చూసుకున్నాడు. గది అలాగే ఉంది, కొత్త కాయితాలతో. పాతరేవుపేట చేప స్టేషను మీదుగా గజపతినగరం పోతోంది. ఎవరికి శుభలేఖలు కావాలన్నా జనం తన దగ్గరకే వచ్చి, నరసింగరావుగారి కార్డు మీదున్న గీతే తమకీ వేయమంటున్నారు. ఈశ్వర్ లాభం వైపే స్థిరపడ్డాడు. పెళ్లి మర్నాడే అతను ప్రోగ్రాంలో ఆ తప్పు సరిదిద్దాడు గాని, వారం తిరగకుండా గణపతిరావు దాన్ని మళ్లీ పెట్టించాడు. ఆ ప్రోగ్రాంలో ఇప్పటికీ బాగా అమ్ముడుపోతున్నది ఆ తప్పొక్కటే.