బీపీ మాత్రల సీసా మీది రాజు

ఆ ఆదివారం ఉదయం హెడ్ క్లర్కుకి ఉన్న పని ఒక్కటే: రాజుగారికి కళ్ళు పెట్టడం. రాజుగారి ఎత్తు బొటనవేలంత. బల్ల మీద ఆడే యుద్ధపు ఆట పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ బొమ్మగా వచ్చిన ఆయనకి నెల రోజులు కూర్చుని బంగారు కవచం, ఎర్ర అంగీ, గడ్డంలో మూడు రకాల తెలుపు అమర్చాక, ఇక మిగిలినవి రెండు నీలం చుక్కలు. పదకొండింటికి బొమ్మల క్లబ్బులో పోటీ; ఈసారి అందరికీ ఈ రాజే. అందులో హెడ్ క్లర్కుది వరసగా మూడేళ్ళు రెండో బహుమతి. మొదటిది మూడేళ్ళూ ఎదురింటి పళ్ళ డాక్టరుదే. నాలుగోసారి కూడా చిన్న కప్పు పట్టుకుని ఆ ఇంటి ముందు నుంచి నడిచి రావాలంటే హెడ్ క్లర్కుకి ప్రాణం ఒప్పడం లేదు.

ఆఫీసులో ముప్ఫై మందిని హడలెత్తించే మనిషి ఇంట్లో బొమ్మలు ముందేసుకుని కూర్చోవడం అత్తగారికి మొదటినుంచీ మింగుడుపడలేదు. "నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా బొమ్మలాటేనా" అని కూతురితో అనేది, అల్లుడికి వినపడేంత గొంతుతోనే.

చేత్తో తాకితే రంగు చెడుతుంది కాబట్టి, ఈ పని చేసేవాళ్ళు బొమ్మని ఏ ఖాళీ సీసా మూతకో అంటించి, సీసాని పట్టుకుని రంగులేస్తారు. హెడ్ క్లర్కు కూడా మందుల అరలోంచి ఒక సీసా తీసి, చెవి దగ్గర ఆడించి, చప్పుడు రాకపోయేసరికి ఖాళీదని తేల్చేసి, రాజుగారిని మూత మీద గట్టి జిగురుతో నిలబెట్టాడు. చప్పుడు రాకపోవడానికి కారణం లోపల కుక్కిన దూది. దూది కింద అత్తగారి బీపీ మాత్రలున్నాయి. మూత తీసి చూద్దామన్న ఆలోచన మాత్రం అంత పెద్ద హెడ్ క్లర్కుకీ రాలేదు. పోయిన ఆదివారం కళ్ళు తప్ప రంగులన్నీ వేసి, సీసాని పుస్తకాల బీరువా మీద ఆరబెట్టి, వారం దాకా అటు చూడనని తనకి తనే ఒట్టు పెట్టుకున్నాడు.

వారం అయింది. సన్న బ్రష్షుని నీలంలో ముంచి, మొన తేలడం కోసం అలవాటుగా పెదాల మధ్య పెట్టి తిప్పాడు. ఆత్రం కొద్దీ ఐదారుసార్లు తిప్పాడు. అప్పుడు బీరువా మీదికి చెయ్యి చాపాడు. దుమ్ము తగిలింది గానీ రాజుగారు తగల్లేదు.

"ఏమోయ్, ఇక్కడి సీసా ఏది?"

"అమ్మ మాత్రల సీసానా? అక్కడ పెట్టింది మీరా? వెతికి చచ్చాం," అంది భార్య, ఇస్త్రీ మీంచి తలెత్తకుండానే. "సోమవారం అమ్మకి దొరికింది."

"దాని మీద నా బొమ్మ ఉండాలే."

"అది మీదా? కంపెనీవాళ్ళే మూతకి పిడి పెట్టి ఇస్తున్నారని అమ్మ ఒకటే సంబరం. పార్కులో స్నేహితురాళ్ళకి చూపించింది. వాళ్ళకీ అలాంటివే కావాలట, ఇందాకే అందరూ మందుల షాపుకెళ్ళారు."

"నువ్వైనా గుర్తుపట్టద్దా?"

"ఎప్పుడు చూడనిచ్చారు గనక? గదిలోకొస్తే దుమ్ము లేస్తుందంటారుగా."

హెడ్ క్లర్కు ఇంటి చెప్పులతోనే పరిగెత్తాడు.

షాపులో నలుగురు పెద్దావిడలు కౌంటరుని ముట్టడించి ఉన్నారు. మధ్యలో అత్తగారు, రాజుగారి మెడ పట్టుకుని సీసాని సాక్ష్యంగా ఎత్తి చూపిస్తోంది.

"అలాంటి మూతలు రావమ్మా," అన్నాడు షాపాయన పదోసారి.

"ఈవిడకిచ్చావుగా. మాకైతే రావా?"

"రాజే కావాలని పట్టుబట్టంలే నాయనా. సిపాయైనా సర్దుకుంటాం," అంది ఇంకొకావిడ.

అంతలో హెడ్ క్లర్కు రొప్పుతూ వచ్చి, చెయ్యి చాపి, "ఆ సీసా... ఆ సీసా ఇటివ్వండి" అన్నాడు. షాపాయన చూశాడు. ఒళ్ళంతా చెమట, ఊపిరి అందడం లేదు, పెదాలు నీలం, అడుగుతున్నది బీపీ మందు. ఇరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా?

"కూర్చోండి సార్. మాట్లాడకండి."

"నాకేం కాలేదయ్యా," అనబోయి నోరు తెరిచాడు హెడ్ క్లర్కు. నాలుక కూడా నీలమే.

అత్తగారు గబగబా ముందుకొచ్చింది. అల్లుడి బొమ్మలాటని ఎంత ఆడిపోసుకున్నా, అల్లుడంటే ఆవిడకి ప్రాణమే. రాజుగారిని గిర్రున తిప్పి మూత తీసి, అల్లుడి నోట్లో ఓ మాత్ర పెట్టబోయింది. షాపాయన రోడ్డు మీదికి పరిగెత్తి, కనపడిన మొదటి డాక్టరు కారు ఆపాడు. అది పళ్ళ డాక్టరుది. గాజుపెట్టెలో తన రాజుని పెట్టుకుని క్లబ్బుకి వెళ్తున్నాడు.

"నోరు తెరవండి. ఇంకొంచెం," అని టార్చి వేసి చూసి, డాక్టరు టార్చి ఆర్పేశాడు. "ఏమీ లేదమ్మా. ఇది కళ్ళకి వేసే నీలం. బ్రష్షు నోట్లో పెట్టుకున్నారు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?" అంది అత్తగారు.

"నిన్న అంగీ రంగుతో నా నాలుక ఎర్రగా ఉందమ్మా. ఇద్దరు పేషెంట్లు పన్ను చూపించకుండానే వెళ్ళిపోయారు."

నిజం బయటపడింది. హెడ్ క్లర్కు సీసాని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. భుజాల మీద బంగారం అరిగింది, అంగీ అంచులు నునుపు తేలాయి, కిరీటం ఓ పక్కకి ఒరిగింది. టైము పదీ నలభై ఐదు. కళ్ళు వేసే వ్యవధి కూడా లేదు.

"పీకేస్తాను. నిమిషం పని, నొప్పి ఉండదు," అంటూ డాక్టరు సంచీలోంచి పట్టకారు తీశాడు. పోటీలో మందు సీసా పెడితే నవ్వుతారని అతనికి నిజంగానే జాలేసింది.

"పీకించుకోండి అల్లుడుగారూ," అంది అత్తగారు. "నాకేం, రెండేళ్ళ నుంచీ మూత తీయమని అమ్మాయినే పిలుస్తున్నా. మళ్ళీ పిలుస్తా."

హెడ్ క్లర్కు ఆవిడ చేతుల వంక చూశాడు. కణుపులు వాచి, వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. బియ్యపుగింజంత ముఖంలో కనుబొమలు దిద్దే తనకి, రెండేళ్ళుగా ఒకే ఇంట్లో తిరుగుతున్న ఈ వేళ్ళు కనపడలేదు. అతనికి నిజంగా సిగ్గేసింది.

"పీకొద్దు డాక్టరుగారూ. సీసాతోనే పెడదాం," అన్నాడు, నాలుగోసారి కూడా చిన్న కప్పే అని తెలిసే.

"అయితే నేనూ వస్తా. మాత్ర వేసుకునే వేళయింది," అంది అత్తగారు.

క్లబ్బులో సీసాని చూసి అనుకున్నట్టే అందరూ నవ్వారు. న్యాయనిర్ణేత ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన పెద్దాయన. కంటికి భూతద్దం తగిలించుకుని వంగి, చాలాసేపు లేవలేదు.

"మిగతా రాజులందరికీ నిన్ననే పట్టాభిషేకం అయినట్టుంది," అన్నాడు చివరికి. "ఈయనొక్కరే రాజ్యం ఏలారు. ఏలి ఏలి చూపు కూడా పోగొట్టుకున్నారు." పెద్ద కప్పు తెచ్చి సీసా పక్కన పెట్టాడు.

పళ్ళ డాక్టరు మర్యాద మరిచిపోయి హెడ్ క్లర్కుని మూలకి లాగాడు. "ఈ అరుగుదల ఎలా తెచ్చారు? చెప్పండి. ఏ బ్రష్షు?"

హెడ్ క్లర్కు నీలం నోరు తెరిచేలోపే అత్తగారు రాజుగారిని తిప్పి మూత తీస్తూ జవాబిచ్చింది. "బ్రష్షు కాదు నాయనా. రోజుకి రెండుసార్లు, తిన్నాక."

మర్నాడు పళ్ళ డాక్టరు తన రాజుని వాళ్ళత్తగారి దగ్గుమందు సీసా మూతకి అంటించాడు. ఆవిడకి దగ్గు లేదు.